ఇంట్లో పుట్టే పాట

తాళ్లపాకలో ఆ ఇంటివాళ్లకు పిల్లవాడి మీద ఒకటే ఫిర్యాదు. ఎప్పుడు చూసినా ఏదో పాడుకుంటూ ఉంటాడు, ఇంటిపని ముట్టడు. ఒకరోజు అందరూ కలిసి మందలించి, గడ్డి కోసుకురమ్మని కొడవలి చేతికిచ్చి పంపారు. అలవాటు లేని పని కావడంతో కొడవలి వేలిని కోసింది. పిల్లవాడు గడ్డినీ కొడవలినీ అక్కడే వదిలేసి, ఆడుతూ పాడుతూ తిరుపతికి పోతున్న యాత్రికుల గుంపు వెంట నడిచాడు. ఈ కథ చెప్పింది బయటివాళ్లు కాదు. ఆ పిల్లవాడి మనవడు చిన్నన్నే తన ‘అన్నమాచార్య చరిత్రము’లో ద్విపదలో రాసి పెట్టాడు.

కడప సీమలో రాజంపేట పక్కనున్న ఆ ఊరి పిల్లవాడే అన్నమయ్య (1408–1503). పదహారో ఏట, 1424లో సంకీర్తనలు మొదలుపెట్టాడని ఆ సంకీర్తనలు చెక్కించిన రాగిరేకు మీదే రాసి ఉంది. మొత్తం 32 వేలు రాశాడని ప్రతీతి. వాటిలో దొరికినవి సుమారు 14 వేలు.

ఈ లెక్క చాలామందికి తెలిసిందే. అదే ఇంట్లో తర్వాత జరిగిన సంగతిని మాత్రం తల్లిదండ్రులు అంతగా పట్టించుకోరు. ఆయన భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. కొడుకు పెదతిరుమలాచార్యులు సంకీర్తనలు రాశాడు. మనవలు చినతిరుమలాచార్యులు, చిన్నన్న రాశారు. ఒక తరంలో పాటకు తిట్లు తిన్న పిల్లవాడు పెద్దవాడై ఇల్లు కట్టుకున్నాక, అదే ఇల్లు మూడు తరాల పాటకు చోటిచ్చింది. ఆ ఇంట్లో పిల్లలకు పాట రాయడం రోజూ కళ్లెదుట జరిగే పని. అందుకే వాళ్లకు అది చేతకాని పనిగా తోచలేదు.

“పాటలు కూడు పెడతాయా?” అని కర్నూలు, కడప ఇళ్లలో ఈనాటికీ అంటారు. పెట్టకపోవచ్చు. ఈ అధ్యాయం పిల్లల్ని గాయకుల్ని చేయడానికి కాదు, టీవీ పోటీలకు తయారు చేయడానికి అంతకన్నా కాదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి తెలుగు పిల్లలు పాడటంలో ఎంతో ముందుకు వెళ్లారు. అయితే అక్కడ పాడేది ఎవరో రాసిన పాట. తాను చూసినదాన్ని తన మాటల్లో కట్టి నలుగురి ముందు పాడటం వేరు. అది నేర్పడానికి సంగీతం మాస్టారు అక్కర్లేదు. ఇల్లు చాలు.

పెద్దలు ముందు వినాలి

మూడు నాలుగేళ్ల పిల్లలు అడగకుండానే పాటలు కడతారు. స్నానం చేయించేటప్పుడు, ఉయ్యాలలో, పాత టైరు దొర్లించుకుంటూ పోయేటప్పుడు ఒకే ముక్కను పదిసార్లు తిప్పి తిప్పి పాడతారు. ఇంట్లోవాళ్లు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. పడీ పడీ నవ్వుతారు, లేదా “అట్ల కాదు, ఇట్ల” అని దిద్దుతారు. నవ్వితే పిల్లలు సిగ్గుపడి మానేస్తారు. దిద్దితే ఆ పాట పెద్దలదై పోతుంది.

చేయవలసింది చిన్న పని. పిల్లవాడు పాడుతున్న ముక్కను ఉన్నదున్నట్టు తిరిగి పాడాలి. తల్లి నోట తన మాట వినపడగానే వాడు రెండో ముక్క తానే అందుకుంటాడు. చెక్కభజన గురువు చేసేదీ ఇంతే. గురువు ఒక వరుస పాడతాడు, చుట్టూ ఉన్నవాళ్లు చెక్కలు మోగిస్తూ అదే వరుస అందుకుంటారు. ఇక్కడ గురువు పిల్లవాడు, వంత పాడేవాళ్లు పెద్దలు.

ఇంకా పసివాళ్లు, వాళ్లకేం రాయడం వస్తుందనే మాటకు సీమలోనే జవాబుంది. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాసింది పన్నెండేళ్ల ప్రాయంలో. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ పుస్తకమే పాఠ్యగ్రంథంగా ఎదురుపడింది. అందరు పిల్లలూ పుట్టపర్తి కారు, కానక్కర్లేదు కూడా. ఎదుట కనపడేదాన్ని మాటల్లో పట్టుకునే శక్తి ఆ వయసుకు ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఏ మాటల్లో రాయాలి

పాట రాయమనగానే బడికి పోయే పిల్లలు పాఠ్యపుస్తకం భాషలోకి పోతారు. వెన్నెల, కోయిల, సెలయేరు వచ్చి కూర్చుంటాయి. ఆదోని పిల్లవాడు సెలయేరు చూసి ఉండడు. వాడికి తెలిసింది ఎండిన వంక. కోయిల మీద రాసిన నాలుగు వరుసలకన్నా వంకలో ఇసుక తోడి చెలమ తీసిన సంగతి మీద రాసిన రెండు వరుసలు మేలు.

కనుక మొదటి నియమం: ఇంట్లో ఏ మాట అంటారో పాటలో ఆ మాటే ఉండాలి. సంగటి, ఊరిబిండి, ఉగ్గాని, బుడ్డలు, మిద్దె, అవ్వ, జేజి, నాయన. ఇవి తప్పు తెలుగు కావు. కర్నూలుకు చెందిన ఉపాధ్యాయుడు, రచయిత డాక్టర్ ఎం. హరికిషన్ సీమ పల్లెల్లో నోటి మీద నడిచిన పిల్లల కథల్ని ఆ నుడికారం పోకుండా పుస్తకాలుగా తెచ్చారు. అప్పటి పక్క జిల్లాలో, చెన్నేకొత్తపల్లి దగ్గరి ప్రకృతి బడివాళ్లు 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల మాసపత్రిక మొదలుపెట్టారు. పిల్లలు రాసిన కథలు, పాటలు, వాళ్లు గీసిన బొమ్మలు అందులో అచ్చయ్యాయి. బెంగళూరు, హైదరాబాదుల్లో కాదు, సీమలో ఒక పల్లెబడి ఆ పని చేసింది.

అవ్వ ఇంట్లో ఉంటే ఆ ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. దంచేటప్పుడు, విసిరేటప్పుడు, కలుపు తీసేటప్పుడు పాడుకున్న పాటలు ఆమెకు ఇంకా గుర్తుంటాయి. “అవ్వా, నువ్వు చిన్నప్పుడు ఏం పాడేదానివి?” అని పిల్లలతోనే అడిగించాలి. పెద్దలు అడిగితే సిగ్గుపడే అవ్వ మనవరాలు అడిగితే పాడుతుంది.

పాటకు విషయం వాకిట్లోనే ఉంది

సీమ జానపదులు దేవుళ్ల మీద ఎంత పాడారో, తమ ఊరి మనుషుల మీదా అంతే పాడారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన కథ పుస్తకాలకు ఎక్కకముందే కోలాటం పాటకు ఎక్కింది. అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి పోయించాడు. ఆయన మీదా పాట ఉంది. ఒకరిది తిరుగుబాటు, ఇంకొకరిది అన్నదానం. రెండూ కళ్లెదుట జరిగినవే, చూసినవాళ్లు కట్టుకున్న పాటలే.

వానలు పట్టకపోతే పల్లెల్లో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిరిగి పాడేవాళ్లు. ఇంటి ఇల్లాలు కప్ప మీద చెంబెడు నీళ్లు పోసి, దోసెడు గింజలు పెట్టి పంపేది. వానను పిలిచే పని ఊరు పిల్లలకే అప్పగించింది. పాట పాడటం పెద్దలు మాత్రమే చేసే పని అని ఆ ఊళ్లు ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పటి పిల్లలకూ విషయాలకు కొదవ లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి జనం బారులు తీరతారు. చద్దిమూట కట్టుకొని, నేల చూపులు చూస్తూ రోజంతా తిరిగి వట్టి చేతులతో వచ్చిన చిన్నాయన మీద పాట కట్టమంటే ఏ పిల్లవాడు వద్దంటాడు? పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలున్నాయి. ఎర్రటి ఆ గుట్టను చూసిన పిల్ల దాన్ని మరిచిపోదు.

కడప వైపు పిల్లలకు కలివికోడి ఉంది. ఆ పిట్టను 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతపు ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. పగలు దాక్కుంటుంది, రాత్రి తిరుగుతుంది, ఎగరడం కన్నా పరుగే ఎక్కువ. ఉందని అందరికీ తెలిసినా ఎవరికీ కనపడని పిట్ట! తొమ్మిదేళ్ల పిల్లకు ఈ నాలుగు ముక్కలు చెప్పి, “ఆ పిట్ట నీతో మాట్లాడితే ఏమంటుంది?” అని అడిగి ఊరుకుంటే చాలు.

చప్పట్లతో కొలత

ఇక అసలు పని. కర్నూలులో ఒక ఇల్లు అనుకుందాం. నాలుగో తరగతి పిల్ల, నీళ్ల ట్యాంకరు మీద పాట రాస్తానంది. మొదట ఇలా రాసింది: మా వీధికి నీళ్ల ట్యాంకరు మూడు దినాలకు ఒకసారి వస్తుంది, అందరూ బిందెలు తీసుకొని ఉరుకుతారు.

ఇది వాక్యం. దీన్ని పాట చేయాలంటే ముందు ప్రశ్నలు అడగాలి.

“ట్యాంకరు వచ్చినప్పుడు మొదట ఎవరు అరుస్తారు?”

“ఎదురింటి అన్న. ట్యాంకరు వచ్చే, ట్యాంకరు వచ్చే అని.”

“నువ్వేం చేస్తివి?”

“అవ్వను ఎవరూ ముందరికి రానీలే. పక్కకు జరగండి అని నేనే అరిస్తి.”

పాట దొరికింది. మొదట రాసిన వాక్యంలో అవ్వ లేదు, అరుపు లేదు. పిల్లకు గుర్తున్నవి ఆ రెండే. తల్లి ఇప్పుడు నిదానంగా చప్పట్లు కొడుతూ పిల్ల అన్న మాటల్నే పలికించాలి:

టాంకరు వచ్చే, టాంకరు వచ్చే, బిందెలు తీయండీ
అవ్వకు ముందర చోటియ్యండీ, పక్కకు జరగండీ

ఒక్కో వరుసకు ఎనిమిది చప్పట్లు. ‘టాంకరు’ ఒక చప్పట్లో పడుతుంది, ‘వచ్చే’ ఇంకో చప్పట్లో. ‘బిందెలు’, ‘అవ్వకు’, ‘ముందర’, ‘పక్కకు’ అన్నీ అదే కొలతలో ఇమిడిపోతాయి. చివరి ‘డీ’ ఏడో చప్పట మీద పడుతుంది. ఎనిమిదోది ఖాళీ, ఊపిరి తీసుకోవడానికి. ఛందస్సు తెలిసినవాళ్లు వీటిని నాలుగేసి మాత్రల గణాలంటారు. ‘టాం’ దీర్ఘం, దానికి రెండు; ‘క’, ‘రు’ పొట్టివి, ఒక్కొక్కటి. ఈ లెక్క పిల్లకు చెప్పనక్కర్లేదు. చప్పట తప్పితే పిల్లకే తెలుస్తుంది. తప్పిన మాటను సాగదీస్తుంది, లేదా తీసేసి ఇంకోటి వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటే పాట రాయడం.

ఈ రెండు వరుసలు పల్లవి. మిగిలిపోయిన ‘మూడు దినాలకు’ చరణానికి పనికొస్తుంది:

మూడు దినాలకు ఒకటే సారీ మొఖమే చూపిస్తావ్
బిందెడు పోసీ బిర్రున మళ్ళీ ఏ ఊరికి పోతావ్?

చరణంలో పిల్ల ట్యాంకరుతోనే మాట్లాడుతోంది. ఇలాంటి మలుపు వచ్చినప్పుడు పెద్దలు ముచ్చటపడి ఇంకో నాలుగు చరణాలు తామే రాసిపెట్టకూడదు. ఒక పల్లవి, రెండు చరణాలు చాలు. మాట దొరక్క ఆగిపోయినచోట రెండు మూడు మాటలు అందించి, ఏది కావాలో పిల్లనే ఎంచుకోనివ్వాలి. వరుస చివర ప్రాస కలవలేదని తొందరపడవద్దు. మన పాటకు, పద్యానికి వరుసలో రెండో అక్షరం కలవడమూ అందమే. చప్పట నిలిస్తే, మాట నిజమైతే, ప్రాస లేకపోయినా పాట నిలుస్తుంది.

చివర మకుటం పెట్టుకోమంటే పిల్లలకు మహా సరదా. వేమన ఆటవెలదిలో నాలుగో పాదం ఆయన పేరుతో ముగుస్తుంది. అన్నమయ్య పదాల్లో వేంకటేశ్వరుడి ముద్ర ఉంటుంది. పిల్ల తన ముద్దుపేరు పెట్టుకోవచ్చు, కుక్కపిల్ల పేరు పెట్టుకోవచ్చు.

వరుస పోగొట్టుకోవద్దు

పాడే వరుస, అంటే బాణీ, ఎక్కడి నుంచి తేవాలి? మొదట్లో అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. అవ్వ పాడిన కలుపుపాట, కోలాటం వరుస, గొబ్బిపాట వరుస ఏదైనా తీసుకొని కొత్త మాటలు పెట్టి పాడవచ్చు. జానపదులు ఎప్పుడూ చేసింది అదే. రెండు మూడు పాటలయ్యాక పిల్లలు ఆ వరుసను తెలియకుండానే మార్చేస్తారు. అప్పటి నుంచి అది వాళ్లదే.

సినిమా పాట వరుస వద్దని పట్టుబట్టనక్కర్లేదు. అయితే ఆ పాట పూర్తిగా గుర్తున్న పిల్లకు పాత మాటలే నోటికి వచ్చి అడ్డం పడతాయి. అంతగా పరిచయం లేని వరుస అయితే పని తేలిక. శ్రుతి మాత్రం పిల్లలే ఎంచుకోవాలి. నాయన గొంతు శ్రుతికి పిల్లల గొంతు దిగదు, దింపితే పాట మూలుగవుతుంది.

పాట కుదిరిన రోజే ఫోన్లో రికార్డు చేసుకోవాలి. కారణం తాళ్లపాక చరిత్రలోనే ఉంది. తిరుమల గుడిలోని సంకీర్తన భండారం నుంచి 1922లో బయటపడ్డ రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఏ వరుసలో పాడాడో ఎవరికీ తెలియదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు తర్వాత చాలా పదాలకు స్వరాలు కూర్చబట్టి ఈనాడు వింటున్నాం. అంత శ్రమపడి రాగి మీద చెక్కించినా పోయింది వరుసే. ఇప్పుడు దాన్ని నిలుపుకోవడానికి ఫోన్లో ఒక నిమిషం చాలు.

మాటలకు వేరే నోటుపుస్తకం పెట్టాలి. కొట్టివేతలు చెరపవద్దు. కడపకు 1820లో వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతుల్ని ఊరూరా సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. ఎవరో ఒకరు రాసి పెట్టబట్టే ఆ పద్యాలు అచ్చు దాకా వచ్చాయి. ఇంటి పాటలకు ఆ రాసిపెట్టే పని అమ్మదో నాయనదో. కింద తేదీ వేయడం మరవకూడదు.

మిద్దె మీద కచేరి

రాసిన పాట పాడకపోతే పుస్తకంలోనే ఉండిపోతుంది. వేసవి రాత్రి మిద్దె, నాపరాళ్లు పరిచిన అరుగు, కరెంటు పోయిన సాయంత్రం వాకిలి, ఏదైనా వేదికే. ప్రేక్షకులు మొదటిసారి ఇంట్లోవాళ్లే ఉండాలి, నలుగురైదుగురు చాలు. రెండోసారికి ఎదురింటివాళ్లను పిలవవచ్చు.

సిగ్గుపడే పిల్లను ఒంటరిగా నిలబెట్టకూడదు. బుర్రకథలో ఇందుకు చక్కని ఏర్పాటు ఉంది. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. ఒక వంత నవ్విస్తాడు, రెండో వంత లోకం సంగతులు అడుగుతాడు. ఇంట్లో పిల్ల కథకురాలు, తమ్ముడు నవ్వించే వంత, మామ అడిగే వంత. “ఆ ట్యాంకరు ఎవరిదమ్మా?” అని మామ మధ్యలో అడిగితే పిల్ల అప్పటికప్పుడు జవాబు కడుతుంది. భయం పోతుంది, పాట పెరుగుతుంది. వాయిద్యాలు వంటింట్లోనే ఉన్నాయి. స్టీలు పళ్లెం, ఖాళీ బిందె, రెండు గంటెలు. బిందె పాటకు బిందే వాయిద్యమైతే ఇంకేం కావాలి?

రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి ‘బాలానందం’ రేడియో కార్యక్రమంలో పిల్లలకు మైకు అప్పగించారు. పెద్దలు పిల్లల కోసం పాడే కార్యక్రమాన్ని పిల్లలే పాడేదిగా మార్చారు. తెలుగునాట రెండు మూడు తరాల పిల్లలకు మైకు భయం పోగొట్టింది ఆ పద్ధతే.

పాట అయ్యాక ఏమనాలి? “బాగుంది” అనే మాట పిల్లలకు దేనికీ పనికిరాదు. “అవ్వకు ముందర చోటియ్యండి అన్నప్పుడు నాకు మన వీధి కనపడింది” అనాలి. ఫలానా మాట దగ్గర ఫలానాది కలిగిందని చెప్తే, ఏది పనిచేసిందో పిల్లకు తెలుస్తుంది. తప్పులుంటే ఆ రాత్రి ఎత్తవద్దు. మరునాడు నోటుపుస్తకం ముందు పెట్టుకొని “ఇక్కడ చప్పట తప్పినట్టుంది, నీకేమన్నా అనిపించిందా?” అని అడగవచ్చు. పక్కింటి పిల్లతో పోల్చడం, మార్కులు వేయడం, చుట్టాలు రాగానే “ఏదీ, నీ పాట పాడు” అని బలవంతపెట్టడం, ఈ మూడూ ఎన్నడూ చేయకూడదు.

వీడియో సంగతీ అంతే. పిల్ల పాట పిల్లది. యూట్యూబులో పెట్టాలన్నా, బంధువుల వాట్సాప్ గ్రూపులో వేయాలన్నా ముందు ఆమెను అడగాలి. వద్దంటే మానాలి. పెట్టేటప్పుడు బడి పేరు, వీధి పేరు కనపడకుండా చూసుకోవాలి.

ఈ వారం చేయవలసిన పనులు

సోమవారం పిల్లల్ని అవ్వ దగ్గరో జేజినాయన దగ్గరో కూర్చోబెట్టి ఒక పాత పాట పాడించుకోండి. అవ్వ ఊళ్లో ఉంటే ఫోను చేయించండి.

మంగళ, బుధవారాల్లో బడి నుంచి వచ్చాక ఒకే ప్రశ్న అడగండి: “ఈ రోజు ఎవరేమని అరిచినారు?” వచ్చిన జవాబులు ఒక కాగితం మీద రాయండి.

గురువారం వాటిలో ఒకటి పిల్లల్నే ఎంచుకోమని, చప్పట్లతో రెండు వరుసల పల్లవి కట్టించండి. కుదరకపోతే అక్కడే ఆపి, శుక్రవారం అదే మాటతో మళ్లీ మొదలుపెట్టండి.

శనివారం చరణం, ఆ తర్వాత రికార్డింగు. ఆదివారం రాత్రి అన్నాలయ్యాక టీవీ ఆపి, ఫోన్లు పక్కన పెట్టి, ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కండి. పాట ఒక నిమిషమే ఉండవచ్చు. మధ్యలో మరిచిపోతే పల్లవి మీరు అందుకోండి.